నర్సు వృత్తి: స్త్రీ పురుషుల సహకారము
(ప్రసంగ పాఠము)



తెలుగు భాషలో "నర్సమ్మ" అను మాట కలదు. దానికి పుంలింగ రూపము లేదు. డాక్టరుకు "డాక్టరుగారు", "డాక్టరమ్మ" అని రెండు రూపములున్నవి. బడిలో పంతులుగారును గలరు, పంతులమ్మయు గలదు. నర్సు విషయమున మాత్రము భాష ఒక్క రూపముతోనే తృప్తిపడినది. ఆసుపత్రిలో ఒక పురుషుడు తెల్లని దుస్తులు ధరించి, సూదిమందు పళ్ళెము చేతబట్టుకొని మంచము వద్దకు వచ్చినచో, రోగి బంధువులు ఆయనను కంపౌండరనియో, చిన్న డాక్టరనియో భావింతురు. ఆయన ప్రక్కనే, ఆయనకన్న పదేండ్లు ఎక్కువ అనుభవము గల సిస్టరు నిలిచియున్నను, ఆమెను వదలి ఆయననే జబ్బు సంగతి అడుగుదురు. నేటి ప్రసంగ విషయమంతయు ఈ చిన్న సంగతిలోనే ఇమిడియున్నది. అనుభవము గల స్త్రీకి దక్కవలసిన గౌరవము దక్కలేదు. పురుషునకు తన వృత్తి పేరే దక్కలేదు. రోగి వారికి ఎవరిని అడుగవలెనో తెలియలేదు.

ఈ విషయమును బిలాస్‌పూరు సదర్ బజారున ముచ్చటించుట అసందర్భము కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని పెద్ద జంక్షనుగా తీర్చినప్పటినుండియు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారు బ్రతుకుతెరువు వెదకుకొనుచు ఇచ్చటికి వచ్చిరి. ఆ మార్గము 1955లో ఆగ్నేయ రైల్వేలో భాగమాయెను. 2003 ఏప్రిల్ 5న బిలాస్‌పూరు కేంద్రముగా ఆగ్నేయ మధ్య రైల్వే అవతరించెను. తార్‌బాహర్, తోర్వా ప్రాంతములలో స్థిరపడిన రైల్వే కుటుంబములకు ఆసుపత్రి పరాయి స్థలము కాదు. కాన్పుకును, ప్రమాదమునకును, పదవీ విరమణానంతరము వచ్చు రక్తపుపోటుకును ఆ గుమ్మమే గతి.

రైల్వేవారికి రాత్రి పని కొత్త గాదు. అర్ధరాత్రి కాల్‌బాయి పిలుపు నందుకొని బయలుదేరిన డ్రైవరును ఆ కాలమున వీధిలోనివారెవ్వరును వింతగా చూచియుండలేదు. అది ఉద్యోగధర్మమని అందరకును తెలియును. సదర్ బజారు దుకాణములు తలుపులు మూయు వేళకు చేతిసంచితో రాత్రి డ్యూటీకి బయలుదేరు నర్సును మాత్రము ఇరుగుపొరుగువారు చూచు చూపు వేరు. డ్రైవరు జాగరణ వలన ప్రయాణికులు బ్రతుకుచున్నారు. నర్సు జాగరణ వలన రోగులు బ్రతుకుచున్నారు. చూపులోని ఈ భేదము పనిలోనిది కాదు, పని చేయువారు ఆడువారా మగవారా అను దానిలోనిది.

"శుశ్రూష" అను పదము "శ్రు" అను ధాతువునుండి పుట్టినది. వినవలెనను కోరిక అని దాని మూలార్థము. ఆ అర్థమునుండి సేవ, విధేయత అను అర్థములు కలిగినవి. రోగి మూలుగును, నాడిని, ఊపిరి వేగమును చెవియొగ్గి వినుట ఈ వృత్తికి ప్రాణము. కాలక్రమమున విధేయత యను అర్థమే బలపడి, ఇతరుల ఆజ్ఞలను వినుటయే నర్సు ధర్మమను భావము లోకమున పాతుకొనినది. నర్సు రోగిని వినుచున్నది. నర్సు మాటను ఎవరు వినుచున్నారు?

చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు కావలసిన గుణములు నాలుగు. ఉపచారములు తెలిసియుండుట, సామర్థ్యము, రోగియందు అనురాగము, శుచిత్వము. ఇందు తెలివికిని, సామర్థ్యమునకును, అనురాగమునకును సమాన స్థానమీయబడినది. ఈ గుణములలో ఏ యొక్కటియు స్త్రీకి మాత్రమే పుట్టుకతో వచ్చునదియు కాదు, పురుషునకు అసాధ్యమైనదియు కాదు. నేర్చుకొనవలసిన విద్యను పుట్టుకతో వచ్చిన స్వభావముగా భావించుటయే ఈ వృత్తికి జరిగిన మొదటి అన్యాయము. స్వభావమునకు జీతమెందులకని లోకము ప్రశ్నించును; విద్యకైనచో ఆ ప్రశ్న రాదు.

ఆధునిక నర్సింగు స్త్రీల వృత్తిగా రూపొందుటకు చారిత్రక కారణములున్నవి. 1854లో క్రిమియా యుద్ధరంగమునకు ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని వెళ్ళెను. 1860లో లండను సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర శిక్షణాలయము ప్రారంభమాయెను. గౌరవప్రదమైన ఉద్యోగము లేని కాలమున చదువుకొన్న స్త్రీకి ఒక వృత్తి నిచ్చిన ఘనత ఆ యుద్యమమునకే చెందును. ఐతే ఆ తలుపు తెరచుకొనినప్పుడే మరియొక తలుపు మూసికొనినది. ఇంగ్లండులో 1919 చట్టము క్రింద పురుష నర్సులు ప్రధానమైన పట్టికలో కాక అనుబంధ పట్టికలో నమోదు కావలసివచ్చెను. ఆ భేదము 1949లో గాని తొలగలేదు.

భారతదేశమున 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణకు పూనుకొనిరి. తెలుగునాట 1883లో గుంటూరు చేరిన డాక్టరు అన్నా కూగ్లర్ కృషి ఫలితముగా 1898లో అచ్చట స్త్రీల కొరకు మిషను ఆసుపత్రి వెలసెను. పురుష వైద్యుని యెదుటికి రాజాలని స్త్రీలకు స్త్రీలే వైద్యమును పరిచర్యయు చేయవలసిన యుగమది. అయినను అగ్రవర్ణ కుటుంబములు తమ ఆడపిల్లలను ఈ వృత్తిలోనికి పంపుటకు సమ్మతింపలేదు. పరుల దేహమును తాకుట, మలమూత్రములను ఎత్తుట, రాత్రివేళ ఇల్లు వదలుట, ఈ మూడును వారికి అభ్యంతరములైనవి. అందువలన చిరకాలము ఈ భారమును ఆంగ్లో ఇండియను స్త్రీలును, క్రైస్తవ కుటుంబముల స్త్రీలును మోసిరి. వారి ఋణము నేటికిని పూర్తిగా గుర్తింపబడలేదు.

1946లో ప్రకటింపబడిన భోర్ సంఘ నివేదిక దేశమున సుమారు 7,000 మంది నర్సులు మాత్రమే యున్నారనియు, అనగా 43,000 మంది ప్రజలకు ఒక్కరనియు తెలిపెను. వారి జీతములు, వసతులు, పనిగంటలు దయనీయముగా నున్నవని ఆ సంఘమే వ్రాసెను. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టము వచ్చెను. తెలుగు ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన పనిచేసిన కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘము 1958లో చదువు మధ్యలో మానిన వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాశిక్షణను ప్రారంభించెను. వితంతువులును, భర్తచే విడువబడినవారును ఆ చదువుతో ఉపాధ్యాయినులు గాను, నర్సులు గాను స్థిరపడుటకు మార్గమేర్పడెను. ఇతర తలుపులన్నియు మూసియున్న కాలమున స్త్రీకి తన కాళ్ళపై తాను నిలుచుటకు తెరచియుంచిన కొలది ద్వారములలో ఇది యొకటి. నర్సు ఉద్యోగములలో స్త్రీల స్థానమును కాపాడుకొనవలెనను ఆతురత ఈ చరిత్రనుండి పుట్టినది గాని, అసూయనుండి పుట్టినది కాదు. ఈ సంగతి మరచి పురుషుల హక్కును గురించి మాటలాడుట న్యాయము కాదు.

ఇప్పుడు బిలాస్‌పూరులోనే నడచిన వ్యవహారమును గమనింపవలెను. 2021 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రభుత్వ నర్సింగ్ కళాశాలలలో అసిస్టెంట్ ప్రొఫెసర్, డిమాన్‌స్ట్రేటర్ పదవులకు ప్రకటన చేసెను. నియామక నిబంధనల ననుసరించి ఆ పదవులు నూటికి నూరు పాళ్ళు స్త్రీలకే ప్రత్యేకింపబడినవి. నర్సింగులో విద్యార్హతలు గల కొందరు పురుషులు ఛత్తీస్‌గఢ్ ఉన్నత న్యాయస్థానము నాశ్రయించిరి. 2023 మార్చిలో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పుచు, ఇట్లు పూర్తిగా స్త్రీలకే ప్రత్యేకించుట రాజ్యాంగ విరుద్ధమని ఆ నిబంధనను కొట్టివేసెను. స్త్రీల కొరకు ప్రత్యేక వసతులు కల్పించుటకు 15వ అధికరణము మూడవ ఖండము అధికారమిచ్చుచున్నది. ఐతే ఆ ఖండమును ఆధారము చేసికొని ప్రభుత్వోద్యోగమున పురుషులను పూర్తిగా వెలివేయుట 14, 16 అధికరణములు ప్రసాదించిన సమానత్వమునకు భంగమని ఆ తీర్పు సారాంశము.

అమెరికాలో 1982లో ఇటువంటి వ్యవహారమే జరిగెను. మిసిసిపీ రాష్ట్రపు స్త్రీల విశ్వవిద్యాలయములోని నర్సింగ్ కళాశాలలో జో హోగన్ అను పురుషుడు ప్రవేశము కోరగా, పురుషుడైన కారణముననే నిరాకరించిరి. అచ్చటి సుప్రీము కోర్టు అయిదుగురు నలుగురుగా చీలి, హోగన్ పక్షమున తీర్పు చెప్పెను. ఆ తీర్పు వ్రాసినది ఆ న్యాయస్థానమున అడుగిడిన మొట్టమొదటి మహిళా న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్. పురుషులకు ప్రవేశము నిరాకరించుట స్త్రీలకు మేలు చేయదనియు, నర్సింగ్ స్త్రీలకే తగినదను పాతభావమును బలపరచుననియు ఆమె వివరించెను. ఈ వాదము లోతైనది. ఒక పని స్త్రీల పని అని ముద్రపడినచో ఆ పని విలువ తగ్గును. విలువ తగ్గిన పనికి జీతము తగ్గును. గోడ కట్టినది రక్షణకే యైనను, దాని నీడ లోపలివారి మీదనే పడుచున్నది.

కావున తలుపు తెరచుట న్యాయమే. తలుపు తెరచిన తరువాత లోపల ఏమి జరుగునన్నదే అసలు సమస్య. స్త్రీల భయము నిరాధారము కాదు. 1992లో క్రిస్టీన్ విలియమ్స్ అను సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో నర్సులు, గ్రంథపాలకులు, ప్రాథమికోపాధ్యాయులు, సంఘసేవకులు అను నాలుగు వృత్తులలోని పురుషులను గురించి పరిశీలించి ఒక వ్యాసము ప్రకటించెను. పురుషుల వృత్తులలో ప్రవేశించిన స్త్రీలకు పైకి పోనీయని కనబడని కప్పు అడ్డుపడగా, స్త్రీల వృత్తులలో ప్రవేశించిన పురుషులను కనబడని మెట్ల యంత్రమొకటి పైకి తీసికొనిపోవుచున్నదని ఆమె చెప్పెను. మంచముల వద్దనుండి కార్యాలయపు కుర్చీకి వారు త్వరగా చేరుదురు; ఆ స్థానమే వారికి తగినదని ఇతరులు భావింతురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారము లోకమందలి నర్సులలో సుమారు నూటికి తొంబది మంది స్త్రీలు. ఆరోగ్యరంగ సిబ్బందిలో స్త్రీలు నూటికి డెబ్బది మంది కాగా, ఉన్నత స్థానములలో వారు నూటికి ఇరువదియైదు మందియే. ఇటీవల ఎయిమ్స్ సంస్థల నర్సింగ్ ఆఫీసరు నియామకములలో స్త్రీలకు 80, పురుషులకు 20 పాళ్ళు కేటాయించిన నిష్పత్తి వెనుక ఈ చరిత్రయంతయు నున్నది. అది సరియా కాదా అను వివాదమును న్యాయస్థానములు తీర్చును. వార్డులోని దైనందిన సంబంధములను ఏ న్యాయస్థానమును తీర్చజాలదు; వాటిని అచ్చట పనిచేయువారే తీర్చుకొనవలెను.

ఆ సంబంధములు ఎట్లున్నవో కొంత వివరముగా చూడవలసియున్నది.

వార్డులో పని పంపకము కాగితము మీద అందరకు ఒక్కటే. ఆచరణలో బరువైన రోగిని మంచముపై త్రిప్పుట, త్రాగి వచ్చి అల్లరి చేయువానిని పట్టుకొనుట, ఎముకల వార్డు, అత్యవసర విభాగము పురుష నర్సు పాలగును. కాన్పుల వార్డు, పసిబిడ్డల వార్డు, ఏడ్చు బంధువులను ఓదార్చుట స్త్రీల పాలగును. మొదట ఇది సౌకర్యమువలెనే తోచును. కొన్ని సంవత్సరములకు పురుష నర్సు కేవలము కండబలముగా మిగిలిపోవును. పసిబిడ్డకు పాలు పట్టించు తల్లికి ధైర్యము చెప్పు నేర్పు అతనికి అబ్బదు. స్త్రీ నర్సు అత్యవసర విభాగపు అనుభవము లేక పదోన్నతికి వెనుకబడును. జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ రెండును కలిసిన డిప్లొమా పొందినవారు సగము విద్యను మరచిపోవుట ఎవరికి లాభము?

మానమర్యాదల ప్రశ్న ఇంకొకటి. స్త్రీ రోగికి ఇ.సి.జి. తీయుట, మూత్రపు గొట్టము అమర్చుట వంటి పనులకు పురుష నర్సు ముందుకు వచ్చినచో సంకోచము కలుగుట సహజము. రోగి కోరినపుడు స్త్రీ నర్సును పిలుచుటయో, మరియొక స్త్రీని సమీపమున నిలుపుటయో విధిగా జరుగవలెను. ఐతే అదే పనిని పురుష రోగికి స్త్రీ నర్సు చేయునపుడు ఆ వృద్ధుని లజ్జను గురించి అడుగువారెవరు? ఆ పని చేయు యువతి సంకోచమును గురించి అడుగువారెవరు? రోగి అనుమతి, తెర, సాక్షి, ఈ మూడును ఇరువురకును సమానముగా వర్తించునపుడే అది మర్యాద యగును. ఒక పక్షమునకే వర్తించినచో అది అనుమానము మాత్రమే.

స్త్రీలలో స్త్రీలకు కలుగు స్పర్ధలను గూడ దాచనవసరము లేదు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 2008నుండి శిశుసంరక్షణ సెలవు ఉద్యోగకాలమంతటిలో 730 దినములవరకు లభించుచున్నది. అది న్యాయమైన హక్కు. ఒక నర్సు ఆ సెలవు తీసికొన్నపుడు ఆమె స్థానమున మరియొకరిని ఇయ్యనిచో, ఆమె రాత్రి డ్యూటీలు అవివాహితల మీదను, పురుష నర్సుల మీదను పడును. అప్పుడు కోపము ఖాళీని నింపని కార్యాలయము మీద రాదు. సెలవులోనున్న తల్లి మీద వచ్చును. "ఆమెకు పిల్లలు, మాకు రాత్రులు" అను గొణుగుడు వార్డులో మొదలగును. ఇది గుణదోషము కాదు, సిబ్బంది కొరత. కొరతకు స్వభావదోషమని పేరు పెట్టుట పాలకులకు సౌకర్యము. నర్సుల ఐకమత్యమును చెరచు కారణములలో దీనికంటె బలమైనది అరుదు.

ఇక డాక్టరుకును నర్సుకును గల సంబంధము. 1967లో లియొనార్డ్ స్టెయిన్ అను అమెరికా వైద్యుడు ఒక చిన్న వ్యాసమున దీనిని ఒక ఆటగా వర్ణించెను. రోగికి ఏమి కావలెనో నర్సుకు తెలియును. కాని ఆ సలహాను తాను ఇచ్చినట్లు కనబడరాదు. డాక్టరుకు సలహా కావలెను. కాని అడిగినట్లు కనబడరాదు. నర్సు వినయముగా సూచించును. డాక్టరు తనకే తోచినట్లు ఆజ్ఞాపించును. ఆనాడు డాక్టర్లలో అధికులు పురుషులు, నర్సులు స్త్రీలు గనుక ఇంట భార్యాభర్తల మర్యాదయే ఆసుపత్రిలోను సాగినది. ఈ ఆటలో అహము నిలుచును, కాని సూచన అందక పోయినచో రోగి నష్టపడును.

రైల్వే ఉద్యోగులకు ఇందులోని ప్రమాదము వెంటనే బోధపడును. పట్టా విరిగియుండుట చూచిన గ్యాంగ్‌మన్ తన హోదాను తలచుకొని ఊరకుండరాదు. ఎఱ్ఱజెండా ఎత్తి మెయిలు బండినైనను ఆపవలెను. అది అతని హక్కు మాత్రమే కాదు, విధి. డ్రైవరు "నన్నాపుటకు నీవెవడవు" అని అడుగడు. లైన్ క్లియర్ లేనిదే ఏ స్టేషను మాస్టరును బండిని ముందుకు పంపడు. రైలు భద్రత పెద్దల తెలివిమీద మాత్రమే కాక, చిన్నవాని ఎఱ్ఱజెండాకు గల గౌరవము మీద ఆధారపడియున్నది. వార్డులో నర్సు చేతిలో ఆ ఎఱ్ఱజెండా యున్నదా? మందు మోతాదు పదిరెట్లు వ్రాయబడినపుడు, "ఇది ఒకసారి చూడుడు" అని నిర్భయముగా చెప్పగలదా?

ఈ ప్రశ్న బిలాస్‌పూరు జిల్లాలో కేవలము పుస్తకపు ప్రశ్న కాదు. 2014 నవంబరు 8న ఈ ఊరి సమీపమున జరిగిన కుటుంబ నియంత్రణ శిబిరమున ఒకే శస్త్రవైద్యుడు కొలది గంటలలో 83 మంది స్త్రీలకు ఆపరేషనులు చేసెను. ఒక బృందము ఒక దినమున ముప్పదికి మించి చేయరాదని ప్రభుత్వ నియమము. అనంతరము పదిమందికి పైగా పేదస్త్రీలు మరణించిరి. మరణకారణములను గురించి వాదప్రతివాదములు జరిగినవి. ఏ కారణము నిలిచినను ఒక మాట నిలుచును: ముప్పదియొకటవ స్త్రీని బల్లమీదికి తెచ్చు క్షణమున "ఇక చాలు" అని చెప్పగల అధికారము ఆ గదిలో సహాయకులైన ప్రతియొక్కరికిని ఉండవలసినది. ఆడదా, మగవాడా, డాక్టరా, నర్సా అను విచారణ అచ్చట అప్రస్తుతము.

మాట్లాడగలుగుటకు ముందు భయము లేకుండ నిలువగలుగవలెను. 1973 నవంబరు 27న బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో డ్యూటీ ముగించి దుస్తులు మార్చుకొనుచున్న నర్సు అరుణా శాన్‌బాగ్‌పై ఆ ఆసుపత్రిలోనే పనిచేయు ఒక పురుషుడు ఘోరమైన అత్యాచారము జరిపెను. ఆమె స్పృహ తిరిగి రాలేదు. 2015 మే 18న కన్నుమూయువరకు, నలుబదియొక సంవత్సరములకు పైగా, ఆ ఆసుపత్రి నర్సులు ఆమెకు పరిచర్య చేసిరి. మొదట సేవచేసినవారు పదవీ విరమణ చేసిరి. ఆమెను ఆరోగ్యవంతురాలిగా ఎన్నడును చూడని తరువాతి తరమువారు ఆ బాధ్యత స్వీకరించిరి. ఆమెను వేరొకచోటికి తరలింప దలచినపుడు వారు అడ్డుపడిరి. 2011లో సుప్రీము కోర్టు ఆమె తరఫున మాట్లాడు అర్హత ఆ ఆసుపత్రి సిబ్బందికే కలదని నిర్ణయించెను. రక్తబంధము లేనివారు వంతులు వేసికొని తరములపాటు ఒక సహోద్యోగినిని కాపాడిన ఈ ఉదంతము నర్సుల ఐకమత్యమునకు గొప్ప సాక్ష్యము. అయితే దానిని పొగడి ఊరకుండుట తగదు. దుస్తులు మార్చుకొనుటకు గడియపెట్టు గది, వెలుతురుగల నడవ, రాత్రి రాకపోకలకు బండి, ఇవి ఉన్నచో అంత త్యాగము అవసరముండెడిది కాదు.

పనిస్థలములలో లైంగిక వేధింపుల నివారణకు 2013లో చట్టము వచ్చెను. పదిమంది లేక అంతకు మించిన ఉద్యోగులు గల ప్రతి సంస్థయు అంతర్గత విచారణ సంఘమును ఏర్పరుపవలెను. చట్టము పుస్తకములోనున్నది, సంఘ సభ్యుల పేర్లు వార్డు గోడ మీద నున్నవా అని చూచుట ఉద్యోగ సంఘముల పని. వేధించువాడు పై అధికారి కావచ్చును, తోటి నర్సు కావచ్చును, రోగి బంధువు కావచ్చును. అట్టి సమయమున పురుష నర్సు "ఇది ఆడవారి గొడవ" అని తొలగిపోరాదు. అంగరక్షకునివలె ముందు నిలుచుటకంటె సాక్షివలె వెంట నిలుచుట అతని నిజమైన సహాయము. అతనిపై నిరాధారమైన అనుమానము కలిగినపుడు అతని సహోద్యోగినులు సత్యము చెప్పుటయు అట్టిదే.

జీతమును గురించి ఒక మాట. రైల్వేవంటి ప్రభుత్వ సంస్థలలో స్త్రీ పురుషులకు వేతనము సమానము. వీధి చివరనున్న చిన్న నర్సింగ్ హోములలో స్థితి వేరు. 2016 జనవరిలో ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ వేసిన వ్యాజ్యమున సుప్రీము కోర్టు ఆదేశింపగా, కేంద్రము నియమించిన సంఘము ఏబది పడకలకు లోబడిన ఆసుపత్రిలో గూడ నర్సు జీతము నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సిఫారసు చేసెను. స్త్రీ సంపాదన కుటుంబమునకు అదనపు ఆదాయమే యను భావమున్నంతవరకు ఇట్టి సిఫారసులు కాగితము దాటుట కష్టము. పురుషులు చేరినంత మాత్రమున జీతము పెరుగదు. ఇరువురును ఒక్క సంఘముగా అడిగినపుడే పెరుగును.

ఈ పరిస్థితిలో చేయదగిన పనులు గొప్ప ధనవ్యయముతో కూడినవి కావు. డ్యూటీ పట్టికను ఇష్టానుసారముగా కాక వంతుల ప్రకారము వేసి, అందరకు కనబడునట్లు గోడమీద పెట్టవలెను. అన్ని వార్డుల అనుభవము అందరకు కలిగింపవలెను. డ్యూటీ మారు వేళ రోగి మంచమువద్దనే ఒకరినొకరు ప్రశ్నించుకొనుచు బాధ్యత ఒప్పగింపవలెను. ఆ వేళ జూనియరు అడిగిన ప్రశ్నకు సీనియరు చిన్నబుచ్చుకొనరాదు. పదోన్నతికి నిలువయెత్తును, గంభీర స్వరమును గాక పనితనమును కొలతగా తీసికొనవలెను. కొత్తగా వచ్చిన యువకునకు ఇంచార్జి సిస్టరు విద్య నేర్పవలెను. ఆమె ఆజ్ఞకు లోబడుట తన పురుషత్వమునకు లోపమని అతడు తలపరాదు. చేయి తిరిగిన స్త్రీవద్ద విద్య నేర్చుకొనుట తల్లివద్ద మాటలు నేర్చుకొన్న జాతికి అవమానమెట్లగును?

ఆసుపత్రి బయట చేయవలసిన పని తెలుగు కుటుంబముల వంతు. సంబంధము చూచునపుడు "పిల్ల నర్సట, రాత్రి డ్యూటీలట" అని వెనుకాడు పెద్దలు గలరు. జీతము మాత్రము తప్పక విచారింతురు. "అబ్బాయి నర్సట" అని నవ్వువారును గలరు. తమ ఇంటి రోగికి ప్రాణముమీదికి వచ్చిన రాత్రి ఆ అబ్బాయియు, ఆ పిల్లయే మంచముచెంత నుందురని వారు మరతురు. వార్డులో వ్రేళ్ళు చిటికవేసి పిలుచుట, చేయి తాకుట, పేరడుగుట మాని, ఆమె హోదాతో పిలుచుట నేర్చుకొనవలెను. కేంద్ర ప్రభుత్వ వైద్యశాలలలో స్టాఫ్ నర్సుకు 2016నుండి "నర్సింగ్ ఆఫీసరు" అను పేరు వచ్చినది. సిస్టరు, బ్రదరు అని పిలుచుటలోనున్న ఆప్యాయత మంచిదే. చెల్లెలని పిలిచి చెల్లెలికి చేయవలసిన మర్యాద చేయనిచో ఆ పిలుపు వట్టిదగును.

సోదరీ సోదరులారా! శుశ్రూష యనగా వినవలెనను కోరిక యని పూర్వులు పెట్టిన పేరు. రోగిని నర్సు వినవలెను. నర్సును డాక్టరు వినవలెను. స్త్రీని పురుషుడు, పురుషుని స్త్రీ, జూనియరును సీనియరు వినవలెను. అట్టి వార్డులో ఎవరు స్త్రీ, ఎవరు పురుషుడు అను సంగతి మానమర్యాదలకు అవసరమైనంతవరకే గుర్తుండును. తక్కిన సమయమంతయు రోగి ఊపిరియే గుర్తుండును. న్యాయస్థానము తెరచిన తలుపు బిలాస్‌పూరులోనే యున్నది. ఆ తలుపుగుండ లోపలికి వెళ్ళువారికి తగిన మర్యాదను, లోపల ఇంతకాలము భారము మోసినవారికి తగిన గౌరవమును ఈ ఊరి తెలుగువారు ముందుగా చూపుదురు గాక!

జై హింద్.